జల్లెడ దాదా

మొన్న మా అమ్మాయితో కలిసి, నేను రిటైరయిన ఎముకల ఆఫీసుకి వెళ్లేను. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నవాడు కొత్తవాడు. "రాళ్ల గదిలో ముసలాయన, దాదా, వచ్చేడా ఈ రోజు?" అని అడిగితే, "ఆయన పోయి ఏడాది దాటింది మాసీమా. దసరా పూజల ముందే పోయాడు" అన్నాడు. మాసీమా అంటే ఇక్కడి వాళ్లకి పిన్ని. నా చేతిలో స్టీలు గిన్నె ఉంది. గిన్నెలో చింతపండేసి కాచిన రుయి చేపల పులుసు ఉంది. పోయిన మనిషికి పులుసు పట్టుకెళ్లినదాన్ని ఈ బెంగాలీ ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నేను చదువుకున్నదాన్ని కాదు. సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా నోరు మోటు. అది సాపు చేస్తానంటోంది, చెయ్యనీ. ఆయన గురించి మాత్రం ఒక్క మాట మార్చొద్దని చెప్పేను.

అసలు వెళ్లాలని ఎందుకు బుద్ధి పుట్టిందంటే, మా అమ్మాయి చిన్నపిల్లల బళ్లో టీచరు. మన దేశంలో దొరికిన రాకాసి బల్లుల పేర్లు పిల్లలకి చెప్పాలని ఒక కాగితం మీద రాసుకుని గట్టిగా చదువుకుంటోంది. రాజాసారస్ అట, నర్మద ఒడ్డుదట, మాంసం తినేదట. కోటాసారస్ అట, మన గోదారి వైపుదట. నేను అన్నం కలుపుకుంటున్నాను. "బారాపాసారస్" అని చదివింది.

"దానికి తల లేదు" అన్నాను.

అది కాగితం దించీసి నా మొహం చూసింది. "నీకెలా తెలుసమ్మా?"

"దాని పన్ను నేను చెరిగేను కదేటి."

"ఏటి చెరిగేవు? పన్నా?"

అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు, ఈ సంగతి ఇరవై ఏళ్ల పైబడి నేను ఎవరికీ చెప్పలేదని.

మా ఆయన మునిసిపాలిటీలో కాలవల పని చేసీవాడు. కామెర్లొచ్చి నెల తిరక్కుండా పోయేడు. అప్పటికి మా అమ్మాయికి రెండేళ్లు. మా అత్త ఉంది. ఎర్రజెండాల వాళ్ల రాజ్యం వచ్చిన కొత్త రోజులు, రోజుకి మూడుసార్లు కరెంటు పోయీది. మా వాళ్ల యూనియన్ పెద్ద ఒకాయన కాళ్లరిగేలా తిరిగి నాకు ఎముకల ఆఫీసులో ఊడ్చే పని ఇప్పించేడు. టెంపరరీ. ఏడాది మాట పడకుండా చేస్తే పర్మినెంటు చేస్తామన్నారు. మాట పడకుండా అంటే ఏటో ఊడ్చే వాళ్లకి తెలుస్తుంది. ఏది కనపడకపోయినా ముందు చూసీది మా కొంగు వైపే.

మొదటి రోజు చీపురు పట్టుకుని ఆ రాళ్ల గదిలోకి వెళితే, ముక్కాలి పీట మీద ఒక మనిషి కూర్చుని రాయి మీద మొహం పెట్టి ఉన్నాడు. చేతిలో సూది, ఒళ్లో బ్రష్షు. పళ్ల డాక్టరు పిల్లల పళ్లు గీకినట్టు రాయిని గీకుతున్నాడు. నా వైపు చూడలేదు. "ఆప్ని లోపలికి రండి. ఆస్తే. కింద కాలి వేలు ఉంది, తొక్కీగలరు" అన్నాడు బెంగాలీలో.

ఆప్ని అంటే మీరు. ఈ ఊర్లో నన్ను అప్పటిదాకా మీరన్నవాడు లేడు. ఝాడూవాలీ అన్నారు, ఏయ్ అన్నారు, ఏమీ అనకుండా వేలు చూపించేరు. నా వెనకాల ఎవరో పెద్దమనిషి వచ్చేడేమో అని తిరిగి చూసేను. ఎవరూ లేరు. కింద చూస్తే నిజంగానే కాలి వేలు. నా తలకాయంత ఉంది.

ఆ జంతువుకి బారాపా అని పేరు అందుకే పెట్టేరట. బడో పా, పెద్ద కాలు అని. తొడ ఎముక నిలబెడితే నాకంటే పొడుగు. గోదారి లోయలో ఒక ఊరి చేల కింద దొరికితే, సున్నం పట్టీలేసి గోనె చుట్టి, ఎడ్లబళ్ల మీద స్టేషనుకి, అక్కడ్నుంచి రైలుకి ఎక్కించి తెచ్చేరట. "మీ దేశందే దీదీ ఇది. మీ తెలుగు జంతువు" అనీవాడు. చలికాలం వచ్చిందంటే ఏడాదికి మూడు నెలలు అక్కడే తవ్వుకుంటూ ఉండీవాడట. కూలీల దగ్గర తెలుగు నేర్చుకున్నానని గొప్ప. "ఏంది గట్ల చూస్తున్నవ్? నీళ్లు తే" అనీవాడు నాతో.

"అదేటి దాదా, ఆ తెలుగేటి? మా సిక్కోలులో అలా అంటే నీలు ఇవ్వరు, నీలు పోస్తారు నెత్తి మీద" అనీదాన్ని.

"మీదే తప్పు తెలుగు. నాది గోదారి తెలుగు. ఈ జంతువు కూడా నా తెలుగే మాట్లాడుతుంది" అనీవాడు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట, ఆస్తే. మెల్లిగా అని. బస్సు కదిలిపోతున్నా ఆస్తే. కరెంటు పోయి అందరూ కేకలేస్తుంటే ఆస్తే అని కొవ్వొత్తి వెలిగించకుండా వేళ్లతోనే ఎముకని తడుముకుంటూ కూర్చుండీవాడు. గేటు ముందు ఊరేగింపు పోతుంటే కిటికీలోంచి మనుషుల మొహాలు చూడడు, కాళ్లు చూస్తాడు. "ఆ జెండా పట్టుకున్నవాడి కుడి తుంటి అరిగింది" అంటాడు. ఒకనాడు నేను బకెట్టు మోసుకొస్తుంటే, "దీదీ, మీరు చిన్నప్పుడు నీళ్లు ఎడమ చంక మీద మోసేరు కదా" అన్నాడు. మా ఊర్లో బావి అరమైలు. ఎడమ చంకే.  సోదె చెప్పీవాళ్లు కూడా అంత కచ్చితంగా చెప్పరు.

రాయో ఎముకో తెలియకపోతే నాలిక కొసకి ఆనించీవాడు. రాయి అంటుకోదు, ఎముకకి సన్నటి చిల్లులుంటాయి కాబట్టి నాలిక పట్టుకుంటుందట. మొదటిసారి చూసి నేను బయటికెళ్లి ఉమ్మి వచ్చేను. తర్వాత తర్వాత నేనూ చూసేను. నిజమే. పట్టుకుంటుంది.

మధ్యాహ్నం తిండి దగ్గర ఇంకో తమాషా. చేప ముళ్లు ఉమ్మడు. ఒక్కో ముల్లూ తీసి న్యూసు పేపరు మీద వరసగా పేర్చుకుంటూ పోతాడు. తినడం అయ్యేసరికి పేపరు మీద చేప మళ్లీ తయారయ్యుండీది. ఒకసారి నేను చింతపండు పులుసు తీసుకెళ్లి పెట్టేను. వాళ్లు చేపలో పులుపు వెయ్యరు. ఒక్క ముక్క తిని కళ్లు మూసుకుని, "ఇన్నాళ్లూ ఇది నాకు దాచిపెట్టేరు" అన్నాడు నేరం మోపినట్టు. ఆ తర్వాత నెలకోసారి పులుసు పట్టికెళ్లడం, ఆయన చేపని కట్టడం. తల మాత్రం చివరికి ఉంచీవాడు. తల తింటూ ఆ గది గోడ వైపు, అక్కడ ఆనించి ఉన్న మెడ ఎముకల వైపు చూసీవాడు.

ఎందుకంటే ఆ పెద్దకాలి జంతువుకి ఒళ్లంతా దొరికింది, తల దొరకలేదు. ఒకటి కాదు, అరడజను జంతువుల ఎముకలు కలిసిపోయి దొరికేయట, అన్నింటికీ తలలు లేవు. పళ్లు మాత్రం ఏవో కొన్ని దొరికేయి. కొండంత ఒంటికి చెంచాలాంటి పన్ను. "ఇంత జంతువుకి ఇంతే పన్నేటి?" అంటే, "ఆకులు తినేదానికి కోరలెందుకు దీదీ?" అన్నాడు. "తల ఎక్కడికి పోయింది మరి?" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "పోలేదు. అడుగున ఉంది. మనం అక్కడి దాకా వెళ్లలేదు, అంతే."

ఇప్పుడు డబ్బా సంగతి చెప్పాలి. ఆ గదిలో ఊడ్చిన చెత్త పారీకూడదు. అదొక రూలు. బిస్కత్తుల రేకుడబ్బా ఒకటి ఉండీది, ఊడ్చిందంతా అందులో పొయ్యాలి. శనివారం శనివారం ఆయన మూడు జల్లెడలు పట్టీవాడు, ముందు పిండి జల్లెడ, తర్వాత రవ్వ జల్లెడ, చివరికి టీ వడకట్టు. దానికే గదిలో అందరూ జల్లెడ దాదా అని నవ్వీవారు. ఆయన భుజాన వేసుకునే జోలా సంచిలో టిఫిన్ డబ్బా మర్చిపోయినా ఆ మూడూ మర్చిపోడు. మా ఇళ్లలో ఊడ్చిన చెత్త ఇంట్లో ఉంచితే దరిద్రం అంటారు. వీళ్లేమో దాచి దాచి జల్లిస్తారు. పెద్ద చదువుల వాళ్లకి ఎలాంటి పిచ్చో అనుకున్నాను గానీ, నేను డబ్బాలోనే పోసీదాన్ని.

ఎముకలకి చుట్టిన సున్నం పట్టీలు కోస్తుంటే తెల్లటి పొడి రాలీది. అది కూడా డబ్బాలోనే. మల్లెపువ్వులాంటి పొడి.

రేపు ఉగాది అనగా శుక్రవారం సాయంత్రం. గార్డెన్ రీచ్‌లో మా లైను ఇళ్లలో ముగ్గుపిండి దొరకదు. బియ్యప్పిండితో వేద్దామంటే తినడానికే చాలని బియ్యం. సుద్దముక్కలు కొని నూరి వేసీవాళ్లం, అది సిమెంటు మీద నిలిచీది కాదు. గది ఊడ్చి, ఊడ్చింది డబ్బాలో పోసి చూస్తే నిండా తెల్లటి పొడి. నాకు ఆశ పుట్టింది. పారీకూడదన్నాడు దాదా. ముగ్గు వెయ్యడం పారీడం కాదు కదా? పండగ పూట వాకిట్లో పెట్టుకోవడం కదా? అలా నాకు నేనే న్యాయం చెప్పుకుని, సంచిలో ఒంపుకుని పట్టుకొచ్చీసేను. తీసుకున్నదానికి బదులుగా డబ్బాని చింతపండు పెట్టి తళతళా తోమి, పొద్దున్నే పట్టికెళ్లి యథాస్థానంలో పెట్టేను.

ఉగాది పొద్దున మా అత్త ఆ పొడిని జల్లించి ముగ్గేసింది. అలాంటి తెలుపు మా లైనులో ఎవరూ చూడలేదు. "ఒలే, నీ కోడలికి ఏ సాయిబు ఇచ్చినాడే ఈ పిండి?" అని పక్కింటి పైడమ్మ వదిన ఒకటే ఆట పట్టించింది. జల్లెడలో మిగిలిన బెడ్డలు దోసెడున్నాయి. అవీ పారెయ్యలేదు నేను. మా అందరికీ ఒకటే కుళాయి, దాని కింద గొయ్యి పడి బిందెలు ఒరిగిపోయీవి. పొద్దుటి నీళ్లు కట్టీసేక ఆ బెడ్డలన్నీ గొయ్యిలో పోసి కాలితో తొక్కి సాపు చేసి పనికెళ్లేను. పండగైనా ఆ ఆఫీసుకి మన ఉగాది తెలీదు.

డబ్బా పెట్టీసి, బకెట్టుతో నీళ్లు పట్టుకుని మళ్లీ గదిలో అడుగు పెట్టేసరికి దాదా డబ్బా మూత తీసి పట్టుకుని నిలబడి ఉన్నాడు. డబ్బాలో ఆయన మొహం కనపడుతోంది. నేను అంత బాగా తోమేను మరి.

"డబ్బా చాలా శుభ్రంగా ఉంది దీదీ" అన్నాడు.

ఏం జరిగిందంటే, నిన్న పన్ను గీకుతుంటే దాని కొస విరిగి కింద పడింది. కందిగింజంత. మంచి కొస, అరుగుదల అంతా దాని మీదే ఉందట. ఏం తిందో, ఎలా నమిలిందో ఆ అరుగుదలే చెబుతుందట. పడితే పడింది, దీదీ ఊడ్చి డబ్బాలో పోస్తుంది, రేపు జల్లిస్తే దొరుకుతుందని నిబ్బరంగా ఇంటికెళ్లిపోయేడు. సోమవారం పెద్ద సారు ఎవరో బయటి చదువుల వాళ్లని తీసుకొస్తున్నాడు, ఆ పన్ను చూపించడానికే.

"డబ్బా ఖాళీగానే ఉంది దాదా. మాసిపోయిందని తోమేను" అన్నాను. నా నోటంట అబద్ధం నీళ్లు తాగినట్టు వచ్చీసింది. ఆయన ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. "అయితే ఇంకెక్కడో పడింది" అని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

కొసలేని పన్ను సంగతి అప్పటికే గదులన్నీ తిరిగింది. ఆఫీసు గుమస్తా గుమ్మంలో నిలబడి నేను వినేలాగే అన్నాడు. "గది ఊడ్చేది ఎవరు? సోమవారం లోగా దొరక్కపోతే ఆ ఝాడూవాలీని మార్చీడమే. టెంపరరీ కదా."

"ఆమె ముట్టుకోదు. ముట్టుకుంటే చెబుతుంది" అన్నాడు దాదా నేల మీద నుంచే, తల ఎత్తకుండా.

ఆ మాట నన్ను కొట్టినా బాగుండీది.

శనివారం ఒంటిగంటకి అందరూ వెళ్లిపోయేరు. నేను బస్‌స్టాపుకి వచ్చేను. రెండు బస్సులు వదిలీసేను. కళ్ల ముందు ఒకటే కనపడుతోంది, సూదితో నేల పగుళ్లలో మట్టి పైకి తీస్తున్న ఆయన వేళ్లు. ఉద్యోగం పోతే మా అత్తకి, పిల్లకి ఏం పెట్టను? చెప్పకపోతే ఆయన ఆ నేలంతా పెళ్లగించుకుంటూ సోమవారం దాకా అక్కడే ఉంటాడు. మూడో బస్సు వచ్చింది. నేను వెనక్కి నడిచేను.

"దాదా, అది నా ముగ్గులో ఉంది" అన్నాను. ముగ్గంటే ఏటో చెప్పేను. బెడ్డలు ఎక్కడ పోసేనో చెప్పేను. చెప్పి, కాళ్లు పట్టుకుందామని వంగితే, ఆయన కాళ్లు అక్కడ లేవు. జోలా వెతుక్కుంటున్నాడు.

"కుళాయి నీళ్లు ఎన్నింటికి వస్తాయి?"

"నాలుగుకి."

గోడ గడియారం చూసేడు. జన్మలో మొదటిసారి, ఆఖరిసారి, ఆ మనిషి నోట "జల్దీ" అన్న మాట విన్నాను.

రెండు బస్సులు మారి మా లైనుకి చేరేసరికి మూడున్నర. బిందెలు వరసలో పెట్టీసి ఉన్నాయి. దాదా చెప్పులు విప్పి, కుళాయి కింద గమ్‌ఛా తువ్వాలు పరుచుకుని, జేబులోంచి చెంచా తీసి బెడ్డలు తోడడం మొదలెట్టేడు. ఆడవాళ్లంతా మూగేరు.

"ఎవలే ఈ బంగాలీ బాబు? మన కుళాయి కింద లంకెబిందెలున్నాయేటి?"

"ఒలమ్మా, చెంచాతో తవ్వుతున్నాడర్రా! పారుంది, తెమ్మంటావా బాబూ?"

"ఆస్తే, ఆస్తే" అంటున్నాడు ఆయన, తనకి తానే.

నేను పైడమ్మ వదిన చెయ్యి పట్టుకుని ఉన్నమాట చెప్పీసేను. అది దొరక్కపోతే నాకు సోమవారం నుంచి పని లేదు అన్నాను. వదిన నోరు చెడ్డది. మనసు కాదు. నడుం మీద చెయ్యేసుకుని వరస వైపు తిరిగింది.

"వినండే! ఈ యాల ఒక్క సుక్క కింద పడ్డాదా, పడేసిన గుంట బిందె నాను తన్నీస్తాను!"

ఓడల కార్ఖానా సైరను మోగింది. నాలుగు. కుళాయి గురగురమంది. గొయ్యి అడుగున ఇంకా సగం బెడ్డలున్నాయి, ఆయన తల కుళాయికి జానెడు దూరంలో ఉంది. వదిన తన బిందె ఆయన నెత్తి మీదుగా గాల్లోనే పట్టుకుంది. అది నిండుతుంటే ఇంకో బిందె పక్కకి వచ్చి ఆనింది. ఒకటి తీస్తుంటే ఒకటి దూరింది. నలుగురు పట్టుకోవడం, ఇద్దరు అందించడం. ఆ కుళాయి వేసిన్నాటి నుంచి దెబ్బలాట లేకుండా నీళ్లు పట్టుకున్నది ఆ రోజొక్కటే. ఆయన చొక్కా తడవలేదు.

బెడ్డలన్నీ పైకొచ్చేయి. ఎండలో గమ్‌ఛా మీద ఆరబోసి జల్లెడ పట్టేడు. మొదటిది, రెండోది, మూడోది. సున్నం బెడ్డలూ కందిగింజంతే, ఇటుక ముక్కలూ కందిగింజంతే. అన్నీ తెల్లగా సున్నం పూసుకుని ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చూస్తే చీకటి పడుతుంది. ఆయన నుదుటి మీద చెమట సున్నంలో చారలు కట్టింది.

అప్పుడు నాకు తట్టింది. "దాదా, జల్లెడ సైజే చూస్తాది. బరువు చూడదు. బియ్యంలో బెడ్డ జల్లెడకి దొరకదు, చేటకి దొరుకుతాది. మీ పన్ను రాయయిపోయింది కదా? సున్నం కంటే బరువు కదా?"

ఆయన జల్లెడ కింద పెట్టీసేడు.

ఇంట్లోంచి చేట తెచ్చి బెడ్డలు పోసుకుని గుమ్మంలో కూర్చుని చెరిగేను. ఏడేళ్ల వయసు నుంచి చేసిన పని, చేతులు వాటంతటవే ఆడుతాయి. సున్నం ముందుకి ఎగిరి పోతోంది, పైడమ్మ వదిన నెత్తి నెరిసిపోయింది, అందరూ తుమ్ముతున్నారు. బరువువి నా వైపు, చేట అడుక్కి చేరుతున్నాయి. ఆపి చూస్తే నాలుగు ఇటుక ముక్కలు, ఒక మేకు, ఒక నల్లటి గింజ.

ఆయన దాన్ని రెండు వేళ్లతో తీసి, విరిగిన వైపు నాలిక కొసకి ఆనించేడు.

"ఛీ ఛీ, కుళాయి కింద రాయి నాకుతున్నాడర్రా!" అని ఆడవాళ్లు కేకలు.

ఆయన నాలిక అలాగే బయట పెట్టి నాకు చూపించేడు. కొస దాని మీద అంటుకుని నిలబడి ఉంది. కింద పడలేదు.

మా అత్త ఉగాది పచ్చడి పెట్టింది. వేపపువ్వు చేదుకి మొహం ముడుస్తాడని అందరం చూస్తున్నాం. గిన్నె నాకి, "మేమూ ఈ రోజుల్లో వేపాకు తింటాం. ఈ మామిడికాయ, బెల్లం మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. మళ్లీ అదే, నేరం మోపినట్టు. వెళ్తూ వెళ్తూ మా ముగ్గు పక్కనుంచి, తొక్కకుండా, గోడకి రాసుకుంటూ నడిచేడు.

సోమవారం పన్నుకి కొస అతికి ఉంది. పెద్ద సారు, "దొరికిందా? ఎక్కడ?" అని అడిగేడు. "కింద" అన్నాడు దాదా. "దీదీయే వెతికి ఇచ్చింది." గుమస్తా నా వైపు చూసేడు. నేను నేల తుడుస్తున్నాను. ఏడాది తిరిగేసరికి నాకు పర్మినెంటు అయింది.

కానీ ఒక భయం మాత్రం ఉండిపోయింది. సోమవారం సాయంత్రమే ఆయన ఒక చీటీ రాసి పన్ను పెట్టిన అగ్గిపెట్టెలో పెట్టేడు. "ఏటి రాసేరు?" అంటే, "ఎక్కడ దొరికిందో రాసేను" అన్నాడు. వద్దు దాదా, నా కడుపు కొట్టొద్దు అని బతిమాలేను.

"దీదీ, ఎక్కడ దొరికిందో రాయకపోతే అది ఎముక కాదు, గులకరాయి. రాయకుండా ఉండలేను. భయపడకండి, మీరు చేసింది రాయలేదు. మీరు కనిపెట్టింది రాసేను."

అదెలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. చదవడం రాదు. ఎప్పుడు పెద్దవాళ్లు వచ్చి ఆ సొరుగు లాగినా నా గుండె జారీది. రిటైరయ్యే దాకా జారింది.

ఇదిగో, మొన్న. గేటువాడు చెప్పిన మాట విని వెనక్కి వచ్చీదామనుకున్నాను. మా అమ్మాయి వదల్లేదు, గది చూపించమంది. వెళితే, ఆయన ముక్కాలి పీట మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది, జీన్సు ప్యాంటు, రాయి మీద మొహం. "ఆప్ని లోపలికి రండి, ఆస్తే" అంది తల ఎత్తకుండా. గోడకి మేకు, మేకుకి చేట. మా ఇంటి చేటే. ఆ ఉగాది తర్వాత దాదా నా దగ్గర అడిగి తీసుకున్నాడు. అంచు విరిగితే తీగతో కుట్టుకున్నాడు.

నేను ఎవరో చెప్పేను. ఆ అమ్మాయి సూది కింద పెట్టీసింది. సొరుగు లాగి అగ్గిపెట్టె తీసింది. "మాసీమా, మీరు పాతవాళ్లు కదా, ఇది మీకు తెలుసా?" అని చీటీ చదివింది. మొదట దొరికిన చోటు, గోదావరి లోయ. రెండోసారి దొరికిన చోటు, గార్డెన్ రీచ్, కుళాయి కింద. కనుగొన్నది, దీదీ. పద్ధతి, చేట.

"మాలో ఒక స్కాలరు దీన్ని చూసి, గార్డెన్ రీచ్‌లో కూడా రాకాసి బల్లులున్నాయని సుత్తి పట్టుకుని రెండు రోజులు తిరిగొచ్చాడు. దాదాని అడిగితే నవ్వుతాడే గాని చెప్పడు. ‘దీదీ వస్తుంది, ఆవిడే చెబుతుంది. అది ఆవిడ సంగతి’ అనేవాడు."

నేను గిన్నె కింద పెట్టి, ముగ్గు దగ్గర్నుంచి నాలిక దాకా అంతా చెప్పీసేను. మా అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. ఆ పిల్ల నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని కలం తీసింది. "మీ పేరు చెప్పండి మాసీమా. దీదీ పక్కన రాస్తాను."

"వద్దమ్మా. ఆయన పేరు రాసుకున్నాడా అందులో? లేదు కదా. ఆయన పెట్టిన పేరు చాలు నాకు."

తర్వాత గిన్నె మూత తీసి, "తింటావా? చింతపండు పులుసు" అన్నాను. ఆ పిల్ల న్యూసు పేపరు పరుచుకుంది. ఒక్క ముక్క తిని కళ్లు మూసుకుంది. మాటల్లో పడి తనకి తెలీకుండానే ముల్లు తీసి పేపరు మీద పెట్టింది. దాని పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. నడుం, పక్కటెముకలు, తోక. చేప కట్టుకుంటూ వస్తోంది. మెడ దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. గిన్నెలోకి వంగి చూసింది.

"ఆస్తే తినమ్మా" అన్నాను. "తల అడుగున ఉంది."